మిగిలిన తల్లిపాలు బ్యాంకుకు ఇవ్వాలంటే: పిండే చెయ్యి నుంచి ఐస్ డబ్బా దాకా

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "పాపకు నాలుగో నెల. కడుపునిండా తాగాక కూడా పాలు మిగులుతున్నాయి. పంపుతో పిండి ఫ్రీజర్‌లో దాచినవి 40 ప్యాకెట్లయ్యాయి. పారబోయడానికి మనసొప్పడం లేదు. తల్లిపాల బ్యాంకుకు ఇవ్వొచ్చా? వాళ్లు ఎలాగూ కాచి శుద్ధి చేస్తారు కాబట్టి మనం ఎలా పిండినా, ఎలా దాచినా పర్వాలేదు కదా?"

ఇవ్వొచ్చు. నాలుగో నెల మంచి సమయం కూడా. నెలలు గడిచేకొద్దీ పాలలో ప్రొటీన్ తగ్గుతూ వస్తుంది కాబట్టి చాలా బ్యాంకులు బిడ్డకు ఏడాది నిండేదాకా తీసుకుంటాయి, కొన్ని ఆ తర్వాత కూడా తీసుకుంటాయి. అయితే "ఎలాగూ శుద్ధి చేస్తారు కదా" అన్న మాట మాత్రం తప్పు. ఇంత కష్టపడి పిండిన పాలు బ్యాంకు దాకా వెళ్లి సింకు పాలయ్యేది ఆ ధీమాతోనే. అందుకే ముందు దాని సంగతి.

బ్యాంకులో పాలను మరిగించరు. 62.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు ఉంచి, వెంటనే చల్లారుస్తారు. దీన్ని హోల్డర్ పాశ్చరైజేషన్ అంటారు. మరిగిస్తే పాలలోని రక్షణ పదార్థాలు ఇంకా ఎక్కువ నాశనమవుతాయి. ఈ మాత్రం వేడికే కొవ్వును అరిగించే లైపేజ్ పనిచేయడం మానేస్తుంది, సూక్ష్మజీవులతో పోరాడే ల్యాక్టోఫెరిన్ అనే ప్రొటీన్ బాగా తగ్గుతుంది, ఐజీఏ యాంటీబాడీలు కొంత పోతాయి. పేగుల్లో మంచి బ్యాక్టీరియాకు మేతగా పనికొచ్చే ఒలిగోశాకరైడ్లు మాత్రం దాదాపు అలాగే ఉంటాయి. హెచ్‌ఐవీ, సీఎంవీ లాంటి వైరస్‌లు, మామూలు బ్యాక్టీరియా ఈ వేడికి చస్తాయి. ఇక్కడిదాకా మీరన్నది నిజమే.

ఈ వేడికి లొంగనివి రెండున్నాయి. ఒకటి స్టెఫిలోకాకస్ ఆరియస్ వదిలే విషం. ఈ బ్యాక్టీరియా చాలామంది చర్మం మీదా, ముక్కులోనూ మామూలుగానే ఉంటుంది. పాలు గంటల తరబడి బయట ఉండిపోతే అది పెరిగి విషం వదులుతుంది. పాశ్చరైజేషన్‌లో బ్యాక్టీరియా చచ్చిపోతుంది గానీ, అప్పటికే పాలలో కలిసిన విషం అలాగే ఉంటుంది. రెండోది బాసిల్లస్ సీరియస్. మట్టిలో, దుమ్ములో, సరిగా కడగని పాత్రల్లో ఉండే ఈ బ్యాక్టీరియా గట్టి పెంకున్న స్పోర్లుగా మారి ఆ వేడిని తట్టుకుంటుంది, తర్వాత అనువు దొరికితే మళ్లీ మొలకెత్తుతుంది.

అందుకే బ్యాంకులు పాశ్చరైజ్ చేయడానికి ముందూ, తర్వాతా పాలను ల్యాబులో పరీక్షిస్తాయి. బ్రిటన్‌లో నైస్ అనే ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పాశ్చరైజేషన్‌కు ముందు మిల్లీలీటరుకు మొత్తం బ్యాక్టీరియా 1,00,000 దాటినా, స్టెఫిలోకాకస్ ఆరియస్ గానీ పేగు బ్యాక్టీరియా గానీ 10,000 దాటినా ఆ పాలు పారబోయాల్సిందే. పాశ్చరైజ్ చేశాక 10 ఉన్నా పారబోస్తారు. కొన్ని బ్యాంకులు అంతకంటే కఠినం, వేడి చేశాక ఏదీ మొలవకూడదు. చాలాచోట్ల ఇద్దరు ముగ్గురు తల్లుల పాలు కలిపి ఒక బ్యాచ్ చేస్తారు కాబట్టి, ఒకరి సీసాలో స్పోర్లు ఉంటే పక్కవాళ్ల పాలు కూడా దాంతోపాటే పోవచ్చు.

ఇంత కఠినం ఎందుకో తాగే బిడ్డను చూస్తే అర్థమవుతుంది. ఈ పాలు ముందుగా వెళ్లేది నెలలు నిండకుండా పుట్టిన, ముఖ్యంగా 1,500 గ్రాముల లోపు బరువున్న పిల్లలకు. కిలో బరువున్న బిడ్డకు మొదటి రోజుల్లో పట్టేది రోజుకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు. రెండు గంటలకోసారి లెక్కేస్తే ఒక్కో విడతకు ఒకటి, ఒకటిన్నర మిల్లీలీటర్లు, అదీ సన్నటి గొట్టం గుండా. మీ ప్యాకెట్ ఒక్కోటి 120 మిల్లీలీటర్లదైతే ఆ ఒక్క ప్యాకెట్‌తో అలాంటి పిల్లలు ఆరు నుంచి పన్నెండు మందికి ఒక రోజు గడుస్తుంది. వాళ్ల పేగులు ఇంకా పచ్చివి. డబ్బాపాలు పట్టిన పిల్లల్లో పేగు కుళ్లిపోయే ఎన్‌ఈసీ అనే జబ్బు దాతల పాలు తాగినవాళ్లలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఇలాంటి పిల్లలకు సొంత తల్లి పాలు మొదటి ఎంపిక, అవి లేకపోతే దాత పాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ పాపకు ఏమీ చేయని కొద్దిపాటి మురికి ఆ బిడ్డకు ప్రాణం మీదికి తెస్తుంది. మీ ఇంట్లో నడిచే పద్ధతి బ్యాంకులో నడవకపోవడానికి కారణం ఇదే.

ఇక దాతగా పనికొస్తారా లేదా అన్న విషయం. బ్యాంకు ముందు ఫోన్‌లోనో కాగితం మీదో చాలా ప్రశ్నలు అడుగుతుంది, ఆ తర్వాత రక్తపరీక్ష. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్ తప్పకుండా చూస్తారు, చాలాచోట్ల హెచ్‌టీఎల్‌వీ అనే వైరస్ కూడా. గర్భంతో ఉన్నప్పుడు చేయించిన రిపోర్టు చూపిస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. సాధారణంగా సరిపోదు, మళ్లీ చేస్తారు. బిడ్డ డాక్టరు నుంచి "బిడ్డ బాగా ఎదుగుతోంది" అని రాసిచ్చిన కాగితం కూడా కొన్ని బ్యాంకులు అడుగుతాయి.

పొగ తాగేవాళ్లు, నికోటిన్ బిళ్లలు, ప్యాచ్‌లు వాడేవాళ్లు, మత్తుపదార్థాలు తీసుకునేవాళ్లు దాతలుగా పనికిరారు. క్యాన్సర్ మందులు, రేడియోధార్మిక మందులు వాడినా అంతే. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నా, పచ్చబొట్టు వేయించుకున్నా కొన్నాళ్లు ఆగమంటారు. థైరాయిడ్ మాత్రలు, ఇన్సులిన్, పారాసిటమాల్ లాంటివి చాలా బ్యాంకులకు అభ్యంతరం కాదు. ఎక్కువమంది తప్పటడుగు వేసేది "మందు" అని అనుకోని వాటి దగ్గర: పాలు పెరగడానికి వాడే మూలికల మాత్రలు, జుట్టుకో బరువు తగ్గడానికో తీసుకునే పొడులు, జలుబు మాత్రలు. వేడికి బ్యాక్టీరియా చస్తుంది గానీ మందు పోదు, పాలలోనే ఉంటుంది. కాబట్టి నోట్లో వేసుకున్న ప్రతిదీ చెప్పండి, పనికొస్తుందా రాదా అన్నది వాళ్లు తేలుస్తారు. మాంసం, గుడ్లు, పాల ఉత్పత్తులు ఏవీ ముట్టనివారైతే విటమిన్ బి12 తీసుకుంటున్నారా అని కూడా అడుగుతారు, ఆ లోటు పాలలోనూ కనిపిస్తుంది కాబట్టి.

పాలు నిజంగా మిగులుతున్నాయా? ఇది కాస్త నొప్పించే ప్రశ్నే గానీ అడగక తప్పదు. ఫ్రీజర్ నిండినంత మాత్రాన మిగులు ఉన్నట్టు కాదు, బిడ్డకు చేరాల్సినవి కూడా అందులోకి వెళ్తుండొచ్చు. పాప రోజుకు కనీసం ఆరుసార్లు బాగా తడుపుతోందా, బరువు తన గీత వెంబడే పెరుగుతోందా చూడండి. ఆ రెండూ బాగుంటే మిగులు నిజమైనదే. పిండేది బిడ్డ తాగాకే, తాగకముందు కాదు. తెల్లవారుజామున తొలి పాలు పట్టిన తర్వాత పిండితే ఎక్కువమందికి తేలిగ్గా వస్తాయి, రాత్రిపూట పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోను ఎక్కువగా ఉండటమే దానికి కారణం.

రోజుకు ఒక్కసారి, 10 నుంచి 15 నిమిషాలు చాలు. దానం మంచి పనే కదా అని రెండు మూడుసార్లకు పెంచితే శరీరం దాన్ని బిడ్డ ఆకలిగానే లెక్కేసుకుంటుంది. ఎంత తీస్తే అంత తయారుచేస్తుంది. అప్పుడు ఒక పూట పంపు తప్పితే రొమ్ము రాయిలా బిగుస్తుంది, గడ్డకడుతుంది, జ్వరమొస్తుంది. ఇలా రొమ్ము వాచే జబ్బు (మాస్టైటిస్) వస్తే అది తగ్గేదాకా ఆ తల్లి పాలు బ్యాంకు ఎలాగూ తీసుకోదు, కాబట్టి అత్యాశకు పోతే రెండింటికీ చెడ్డట్టే. ఇప్పటికే ఎక్కువసార్లు పిండుతుంటే ఒక్కసారిగా ఆపకండి. రెండు మూడు రోజులకోసారి రెండేసి నిమిషాలు తగ్గించుకుంటూ రండి.

ఇప్పుడు చేతుల దగ్గరికి. సబ్బుతో 20 సెకన్లు, గోళ్ల కింద కూడా. ఉంగరాలు తీసేయండి. రొమ్మును ప్రతిసారీ సబ్బుతో కడగక్కర్లేదు, అలా చేస్తే చనుమొన పొడిబారి పగులుతుంది. రోజూ స్నానం, పిండే ముందు మామూలు నీళ్లు చాలు. క్రీము రాసుకుంటే తుడిచేయండి. మొదటి చుక్కలు పారబోయాలా అని చాలామంది అడుగుతారు. మీ బ్యాంకు ప్రత్యేకంగా చెబితే తప్ప అవసరం లేదు.

పంపులో పాలు తగిలే భాగాలు నాలుగైదు: రొమ్ముకు ఆన్చే గరాటు, దాని కింది గొట్టం, చిన్న వాల్వ్, దానికి అతుక్కుని ఉండే పల్చటి పొర, సీసా. వీటిలో దగ్గరగా చూడాల్సింది వాల్వు. పైకి శుభ్రంగానే కనిపిస్తుంది, విడదీసి వెలుగుకు పట్టి చూస్తే ఆ పల్చటి పొర అంచున నూనె మరకలాంటి పసుపు గీత ఉంటుంది. అది పాలకొవ్వు. కొళాయి నీళ్ల ధారకు పోదు. భాగాలన్నీ విడదీసి, ముందు చన్నీళ్లతో పాలు పోయేలా కడిగి, తర్వాత వేడి సబ్బునీళ్లలో బ్రష్‌తో రుద్దాలి. సింకులో నేరుగా పెట్టొద్దు. అంట్ల మురికి, పచ్చి కూరగాయల మట్టి అన్నీ అక్కడే ఉంటాయి, స్పోర్లకు అదే పుట్టిల్లు. పంపుకోసం విడిగా ఒక చిన్న బేసిను, ఒక బ్రష్ పెట్టుకోండి. అవి కూడా రెండు మూడు రోజులకోసారి కడగాలి, ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

కడిగాక గుడ్డతో తుడవకండి. శుభ్రమైన టవల్ మీదో పేపర్ టవల్ మీదో బోర్లించి గాలికి ఆరనివ్వాలి. రోజుకోసారి ఆవిరిలోనో మరిగే నీళ్లలోనో 5 నిమిషాలు స్టెరిలైజ్ చేయాలి. పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టాలి. తడిగా ఉండగానే మూతపెడితే మర్నాటికి లోపలే బూజు మొదలవుతుంది. మోటారుకు తగిలే సన్నటి గొట్టంలో నీటిచుక్కలు కనిపిస్తే, పాలు పిండడం అయిపోయాక ఆ గొట్టం ఒక్కటే తగిలించి రెండు నిమిషాలు పంపు ఆడించండి, ఆరిపోతుంది. అందులో పాలే చేరినా, నల్ల మచ్చలు కనిపించినా గొట్టం పారేసి కొత్తది వేయాలి.

పంపు భాగాలను కడగకుండా ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ అవే వాడే చిట్కా ఒకటి చాలామంది పాటిస్తుంటారు. దానం చేసే పాలకు అది పనికిరాదు. సబ్బునీళ్లలో వేసి మర్చిపోవడం కూడా అంతే ప్రమాదం. 2016లో అమెరికాలో నెలలు నిండని ఒక బిడ్డకు క్రోనోబ్యాక్టర్ ఇన్ఫెక్షన్ సోకితే, ఇంట్లో వాడిన పంపు మీద కూడా అదే బ్యాక్టీరియా దొరికింది. ఆ ఇంట్లో పంపు భాగాలను గంటలకొద్దీ సబ్బునీళ్లలో నానబెట్టేవారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2017లో పంపుల శుభ్రత మీద విడిగా సూచనలు ఇచ్చింది ఆ తర్వాతే.

గరాటు సైజు కూడా శుభ్రతలో భాగమే అంటే ఆశ్చర్యంగా ఉంటుంది. గరాటు గొట్టం ఇరుకైతే చనుమొన గోడలకు రాసుకుని పగులుతుంది. పగులులో స్టెఫిలోకాకస్ చేరుతుంది, రక్తం కూడా పాలలోకి వస్తుంది. పిండుతున్నప్పుడు చనుమొన గొట్టం మధ్యలో స్వేచ్ఛగా ఆడాలి, చుట్టూ ఉన్న నల్లటి భాగం ఎక్కువగా లోపలికి లాక్కుపోకూడదు. పిండాక చనుమొన తెల్లగా పాలిపోయినా, చుట్టూ గుండ్రటి గీత పడినా సైజు మార్చాలి. పీడనం పెంచితే పాలు ఎక్కువ రావు, నొప్పి పెరిగి పాలు చేపడం ఆగిపోతుంది. చేత్తో పిండడం వచ్చినవాళ్లకు ఈ బాధలేవీ లేవు. వెడల్పు మూతి ఉన్న స్టెరిలైజ్ చేసిన పాత్ర ఒకటుంటే చాలు. చేత్తో పిండినవాళ్ల పాలంటే బ్యాంకులకు చులకనేమీ ఉండదు.

ఒక రొమ్మున బిడ్డ తాగుతుంటే రెండోవైపు నుంచి వాటంతట అవే కారే పాలను సిలికాన్ గిన్నెలో పట్టి దాస్తుంటారు కొందరు. ఆ కారిన పాలలో కొవ్వు తక్కువ, ఒంటి వేడికి గిన్నెలో చాలాసేపు నిలబడతాయి కూడా. మీ బిడ్డకు వాడుకోండి, బ్యాంకు డబ్బాలో కలపకండి.

నింపడం, చల్లార్చడం, ఫ్రీజ్ చేయడం ఈ వరుసలో జరగాలి. పిండిన పాలు గది వేడిమిలో నాలుగు గంటలు ఆగుతాయన్నది మీ బిడ్డకు సంబంధించిన లెక్క. దానానికైతే పిండిన వెంటనే మూతపెట్టి ఫ్రిజ్‌లో, తలుపు అరలో కాకుండా లోపల వెనకవైపు, 4 డిగ్రీల దగ్గర పెట్టండి. పొద్దున పిండినవీ సాయంత్రం పిండినవీ ఒకే డబ్బాలో కలపాలనుకుంటే రెండోవి కూడా ఫ్రిజ్‌లో చల్లబడ్డాకే కలపాలి. గోరువెచ్చని పాలు చల్లటివాటి మీద పోస్తే మొత్తం వేడెక్కుతుంది, గడ్డకట్టినవాటి మీద పోస్తే పైపొర కరిగి మళ్లీ గడ్డకడుతుంది. ఫ్రీజర్‌లోకి 24 గంటల్లోపు చేరిస్తే చాలా బ్యాంకులతో పేచీ ఉండదు.

డబ్బాలు బ్యాంకు ఇస్తే అవే వాడండి. మూత గట్టిగా బిగిసే గట్టి ప్లాస్టిక్ సీసాలే అన్నిటికంటే నయం. బ్యాగులు చోటు తక్కువ పట్టినా కరిగేటప్పుడు అతుకు దగ్గర ఊడి కారతాయి, కారిన బ్యాగును బ్యాంకు ముట్టుకోదు. బ్యాగులే వాడితే గాలి తీసేసి, పడుకోబెట్టి ఫ్రీజ్ చేసి, నాలుగైదు కలిపి ఇంకో జిప్ కవర్‌లో పెట్టండి. ఏదైనా సరే ముప్పావు వంతే నింపాలి. గడ్డకట్టినప్పుడు పాలు ఉబ్బుతాయి, నిండుగా పోసిన సీసా మూత దగ్గర పగులుతుంది. మీ పేరు లేదా దాత నంబరు, పిండిన తేదీ, సమయం నింపకముందే చెరగని పెన్నుతో రాయండి. తడి బ్యాగు మీద పెన్ను ఆడదు. ఒకే డబ్బాలో రెండు విడతల పాలుంటే మొదటి విడత తేదీయే రాయాలి. పోసేటప్పుడు మూత లోపలివైపు వేలు తగలనివ్వకండి.

ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలో, ఇంకా తక్కువో ఉండాలి. అందులో చిన్న థర్మామీటర్ పెట్టి రోజుకోసారి రాసుకోమని కొన్ని బ్యాంకులు అడుగుతాయి. ఫ్రిజ్ తలుపు లోపలే ఉండే చిన్న ఐస్ అర అంత చల్లగా ఉండదు, దానం పాలకు అది చాలదు. ఫ్రాస్ట్ రాకుండా తనంతట తనే వేడెక్కే ఫ్రీజర్లయితే పాలు గోడలకు ఆనకుండా మధ్యలో పెట్టండి. ఇంట్లో ఫ్రీజ్ చేసిన పాలు ఆరు నెలలదాకా బాగుంటాయని సీడీసీ అంటుంది, కానీ బ్యాంకు చేతికి అందాక వాటికి ఇంకా ప్రయాణం ఉంది. నైస్ చెప్పేది పిండిన మూడు నెలల్లోపు పాశ్చరైజ్ అవ్వాలని. అందుకే నెలకోసారైనా పంపిస్తూ ఉండటం మంచిది.

కరెంటు పోతే తలుపు తెరవకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూసి ఉంచితే రెండు రోజులదాకా చల్లదనం నిలుపుకుంటుంది, సగం ఖాళీగా ఉంటే ఒక రోజు. ఊరెళ్తున్నప్పుడు ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి వెళ్లండి. వచ్చేసరికి నాణెం అడుక్కు దిగి ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. పైకి చూస్తే ప్యాకెట్లు రాళ్లలాగే ఉంటాయి, మోసపోవద్దు. అలాంటివి దానానికి పనికిరావు.

మీ దగ్గరున్న 40 ప్యాకెట్లను ఇప్పుడు ఇలా ఏరండి. తేదీ లేనివి పక్కకు. కారినవి, ఉబ్బి అతుకు విడిపోయినవి పక్కకు. జ్వరంతో ఉన్నప్పుడు, యాంటీబయాటిక్ వాడినప్పుడు, రొమ్ముకు ఫంగస్ (థ్రష్) సోకినప్పుడు పిండినవి పక్కకు. గరాటు కొత్తగా వాడటం మొదలెట్టిన రోజుల్లో గులాబీ రంగులో కనిపించినవి కూడా. ఇలా పక్కన పెట్టిన వాటిలో చాలావరకు మీ పాపకు పనికొస్తాయి, బ్యాంకుకు మాత్రం పంపొద్దు. మిగిలినవి మీరు దాతగా నమోదు కాకముందు పిండినవి కాబట్టి, ఎలా పిండారో, ఎలా దాచారో చెప్పి తీసుకుంటారా అని అడగాలి. కొన్ని బ్యాంకులు రక్తపరీక్ష బాగుంటే తీసుకుంటాయి, కొన్ని నమోదయ్యాక పిండినవే తీసుకుంటాయి. "పంపు ఎలా కడిగారు?" అన్న ప్రశ్నకు ఉన్నదున్నట్టు చెప్పండి. అబద్ధం చెప్తే ల్యాబులో బయటపడేదాకా మిగతా తల్లుల పాలు కూడా అందులో కలుస్తాయి.

కరిగించినప్పుడు సబ్బు వాసనో లోహపు వాసనో వస్తోందని భయపడకండి. లైపేజ్ ఫ్రీజర్‌లో కూడా మెల్లగా పనిచేస్తూనే ఉంటుంది, కొవ్వును విడగొడుతుంది, ఆ వాసన దానిదే. పాలు చెడిపోయినట్టు కాదు, చాలా బ్యాంకులు అభ్యంతరపెట్టవు, ముందుగా ఒక మాట చెప్తే చాలు. ఆ వాసన పోవడానికి పిండగానే వేడి చేసి ఫ్రీజ్ చేసే అలవాటు ఉంటే మాత్రం దానం పాలకు అది చేయకండి. పులిసిన వాసన, ముక్కిపోయిన వాసన వస్తే అది వేరే సంగతి, అవి పారబోయాల్సినవే. కరిగాక పైన కొవ్వు మీగడలా తేలడం, రంగు నీలంగానో పసుపుగానో ఉండటం మామూలే.

నమోదయ్యాక కూడా కొన్ని రోజులు ఆగాల్సి వస్తుంది. జ్వరం, వాంతులు విరేచనాలు, రొమ్ము వాపు, చనుమొన మీద పుండు, పెదవి మీద హెర్పిస్ పొక్కు, ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ, కొత్త మందు, కొన్ని రకాల టీకాలు, మద్యం: ఇవేవైనా ఉంటే పిండిన పాలను విడిగా గుర్తుపెట్టి బ్యాంకుకు ఫోన్ చేయండి. ఎన్నాళ్లు ఆగాలన్నది ఒక్కో బ్యాంకుది ఒక్కో లెక్క. బిడ్డకు పట్టడం మాత్రం ఇలాంటి చాలా సందర్భాల్లో ఆపక్కర్లేదు. దానం ఆపమన్నారంటే బిడ్డకు కూడా ఆపాలేమోనని కంగారు పడేవాళ్లు ఎక్కువ, ఆ రెండూ ఒకటి కావు.

తీసుకెళ్లేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఐసు ముక్కలు. ఐసు కరుగుతూ ఉండేది సున్నా డిగ్రీల దగ్గర. మీ పాలు మైనస్ 18లో ఉన్నాయి. అంటే ఆ ఐసు మీ పాలకంటే వేడిగా ఉన్నట్టు, పాలను చల్లబరచకపోగా మెత్తబరుస్తుంది. ఫ్రీజర్‌లో ఒక రోజంతా ఉంచిన జెల్ ప్యాక్‌లు వాడండి. మందంగా ఉండే డబ్బా తీసుకుని ప్యాకెట్లు ఒకదానికొకటి ఆనేలా పేర్చి, ఖాళీ జాగాల్లో నలిపిన కాగితం కుక్కండి. గాలి ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. దూరమైతే డ్రై ఐస్, కానీ దాన్ని వట్టి చేత్తో పట్టుకోకూడదు, డబ్బాను గాలి చొరబడకుండా సీల్ చేయకూడదు. అది వాయువుగా మారుతుంది కాబట్టి పగిలే ప్రమాదం ఉంది. కారులో అయితే అద్దాలు కొంచెం దించి ఉంచండి. అందజేసే చోట పైపైన ఒకటి రెండు మెత్తబడ్డట్టు అనిపిస్తే చెప్పేయండి.

"బ్యాంకు గొడవంతా ఎందుకు, తెలిసినవాళ్ల బిడ్డకు నేరుగా ఇచ్చేస్తే పోలేదా" అనే ఆలోచన రావడం సహజమే. ఇద్దరు తల్లులకు ఒకరి ఆరోగ్యం ఒకరికి తెలిసి, రక్తపరీక్షలు చూసుకుని, నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన బిడ్డకు, డాక్టరుతో మాట్లాడి ఇచ్చుకోవడం ఒక సంగతి. ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్లకు పంపడం, కొనడం పూర్తిగా వేరు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇంటర్నెట్‌లో కొన్న 101 తల్లిపాల నమూనాలను పరీక్షిస్తే, 74 శాతం పాల బ్యాంకు ప్రమాణాలకు నిలబడలేదు. అదే నమూనాలను తర్వాత మరోసారి చూస్తే దాదాపు పదింట ఒకదానిలో ఆవుపాలు కలిసి ఉన్నాయి. డబ్బు చేతులు మారితే నీళ్లు కలపాలన్న ఆశ, సొంత బిడ్డ వాటా తగ్గించాలన్న ఒత్తిడి రెండూ వస్తాయి. చాలా బ్యాంకులు దాతకు డబ్బు ఇవ్వకపోవడానికి ఇదీ ఒక కారణం. నెలలు నిండని బిడ్డకైతే, ఎంత దగ్గరివాళ్లయినా సరే, పాశ్చరైజ్ చేయని పరాయి పాలు నేరుగా ఇవ్వొద్దు.

కనీసం ఎంత ఉండాలన్నది బ్యాంకును బట్టి మారుతుంది. కొన్నింటికి ఒకే విడతగా రెండు మూడు లీటర్లు ఉండాలి, రక్తపరీక్ష, ప్రయాణం ఖర్చు గిట్టాలి కదా. ఆసుపత్రిలోపలే ఉన్న బ్యాంకులు కొద్దిపాటివి కూడా తీసుకుంటాయి, అక్కడికక్కడే పిండి ఇవ్వడానికి గది కూడా ఉంటుంది. మీ 40 ప్యాకెట్లలో ఏరాక 25 మిగిలినా, ఒక్కోటి 120 చొప్పున మూడు లీటర్లు. నెలలు నిండకముందు కాన్పైన తల్లులు ఎంత తక్కువ వచ్చినా తప్పకుండా చెప్పాలి. మొదటి వారాల్లో వాళ్ల పాలలో ప్రొటీన్ ఎక్కువ, బ్యాంకు వాటిని విడిగా దాచి మరీ చిన్నపిల్లలకు ఇస్తుంది.

బిడ్డను పోగొట్టుకున్న తల్లికి కూడా పాలు వస్తాయి. అలాంటి తల్లుల నుంచి బ్యాంకులు పాలు తీసుకుంటాయి. చాలాచోట్ల ఆసుపత్రిలో అప్పటికే పిండి ఉంచినవి కూడా తీసుకుంటారు, వాళ్లకోసం కనీస పరిమాణం నియమాన్ని సడలిస్తారు. ఇవ్వాలా వద్దా అన్నది ఆ తల్లి ఇష్టం, పక్కవాళ్లు తొందరపెట్టకూడదు. వద్దనుకుంటే పూర్తిగా పిండకుండా, బిగువు తగ్గేంతవరకే కొంచెం తీస్తూ, రోజురోజుకూ ఎడం పెంచుతూ వస్తే గడ్డలు కట్టకుండా పాలు తగ్గుతాయి.

మీరు బ్యాంకుకు ఫోన్ చేసేటప్పుడు దగ్గర పెట్టుకోవాల్సినవి: బిడ్డ పుట్టిన తేదీ, ఎన్ని వారాలకు కాన్పయింది, మీరు వాడే ప్రతి మాత్ర పేరూ మోతాదూ, అన్నిటికంటే పాత ప్యాకెట్ మీది తేదీ. ఎన్ని గంటల్లో ఫ్రీజ్ చేయాలి, ఎన్ని నెలల నాటివి తీసుకుంటారు, డబ్బాలు మీరిస్తారా, ఇంటికొచ్చి తీసుకెళ్తారా అని అడగండి. రక్తపరీక్ష ఫలితం వచ్చి, వాళ్లు సరేనని చెప్పేదాకా ప్యాకెట్లను ఫ్రీజర్‌లోంచి కదిలించకండి.